బస్టర్ కీటన్

కీటన్, బస్టర్ (1895–1966): మాటలు లేని చలనచిత్రముల కాలమున అమెరికా దేశమునందు చార్లీ చాప్లిన్, హెరాల్డ్ లాయిడ్ అను వారితో సమానముగ ఎన్నదగిన హాస్యనటుడు, దర్శకుడు. అసలు పేరు జోసెఫ్ ఫ్రాంక్ కీటన్. బల్లపరుపు టోపీ, బిగిసిన పెదవులు, విశాలమైన కన్నులు, ఎట్టి ఉపద్రవము వచ్చిపడినను చలింపని ముఖము ఇతని లోకప్రసిద్ధ లక్షణములు. ఈ ముఖమును బట్టియే పత్రికలవారు ఇతనికి 'మహా శిలాముఖుడు' అను అర్థముగల పేరు పెట్టిరి. 1920 మొదలు 1928 వరకు గడచిన కొలది యేండ్లలో స్వతంత్రుడై ఇతడు వెలువరించిన పందొమ్మిది లఘుచిత్రములును, పది దీర్ఘచిత్రములును చలనచిత్రకళా చరిత్రలో స్థిరమైన స్థానమును సంపాదించుకొనెను.

భరతముని నాట్యశాస్త్రమున హాస్యరసమును రెండుగా విభజించి, తాను నవ్వునది ఆత్మస్థమనియు, ఇతరులను నవ్వించునది పరస్థమనియు చెప్పియున్నాడు. ఈ విభాగము ననుసరించి చూచినచో కీటన్ హాస్యము కేవలము పరస్థము. తెరమీద తాను నవ్వక, నవ్వించుచున్నాననెడి స్ఫురణయైన ముఖమున కనబడనీయక, ఎదుటివారిని నవ్వించుట ఇతని వ్రతము. అది పుట్టుకతో వచ్చిన స్వభావము కాదు. పసితనమున రంగస్థలముమీద దెబ్బలు తినుచు నేర్చిన విద్య. దానికి తోడుగ యంత్రములయందలి ఆసక్తియు, కొలతలయందలి శ్రద్ధయు, తన చిత్రమును తన యిష్టము చొప్పున నిర్మించుకొను స్వాతంత్ర్యమును ఉన్నంతకాలము ఇతని కళ వర్ధిల్లెను. ఆ స్వాతంత్ర్యము పోయిన నాడు క్షీణించెను. మూకీ నటులలో అనేకులవలెనే ఇతడును టాకీల రాకచే చెడిపోయెనని చాలకాలము చెప్పుకొనిరి గాని, ఇతని జీవితమును వరుసగ పరిశీలించినవారికి ఆ మాట నిలువదు.

బాల్యము, రంగస్థల శిక్షణ

కీటన్ 1895 అక్టోబరు 4వ తేదీన కాన్సాస్ రాష్ట్రములోని పిక్వా అను కుగ్రామమున జన్మించెను. అది తల్లిదండ్రుల స్వగ్రామము కాదు. ఊరూర తిరిగి మందులమ్ముచు, జనమును ప్రోగుచేయుటకై ఆటపాటలు ప్రదర్శించెడి సంచార బృందములలో బ్రతుకు వెళ్లబుచ్చుచుండిన జో కీటన్, మైరా దంపతులు ఆ నాటికి ఆ యూర బసచేసియుండిరి. ఆ గ్రామమునకు దక్కిన ప్రసిద్ధి యంతయు ఆ బసవలన వచ్చినదే. 'బస్టర్' అనగా ఆ కాలపు రంగస్థలవాసుల వాడుకలో గట్టిగా పడుట. పసివాడైన కీటన్ మెట్లమీదనుండి దొర్లిపడియు దెబ్బతగులక లేచి కూర్చుండగా చూచి, ఇంద్రజాలికుడైన హారీ హౌడినీ ఆ పేరు పెట్టెనని కుటుంబమువారు చెప్పుకొనెడివారు. ఈ కథ కాలక్రమమున పెరిగినదని చరిత్రకారులు సందేహింతురు. అయినను పడుటయే వృత్తిగా చేసికొన్నవానికి పాటే పేరగుట చక్కగ అమరినది.

1899లో డెలవేర్ రాష్ట్రపు విల్మింగ్టన్ నగరమున బాలుడు తొలిసారి తల్లిదండ్రులతో రంగస్థల మెక్కెను. నాటినుండి 'ముగ్గురు కీటన్లు' అను పేర ఆ కుటుంబము వాడ్‌విల్ అనబడు వివిధ వినోద ప్రదర్శనశాలలలో మిక్కిలి పేరు గడించెను. వారి ప్రదర్శనము తండ్రికొడుకుల కలహము. మాట వినని కొడుకుపై కోపము నటించుచు తండ్రి వానిని పట్టి రంగస్థలమునకు ఆ చివరనుండి ఈ చివరకు విసరును. తెరలపైకి గిరవాటు వేయును. ఒక్కొక్కప్పుడు వాద్యబృందము కూర్చుండెడి గుంటలోనికి త్రోయును. పట్టుకొని విసరుటకు వీలుగా బాలుని చొక్కా వీపున పెట్టె పిడివంటిదొకటి కుట్టియుంచెడివారు. ఈ ప్రదర్శనము క్రూరమని తలచి, బాలల సంరక్షణకై ఏర్పడిన సంఘమువారు న్యూయార్కులో పలుమారులు అడ్డగించిరి. బాలుని దేహమున గాయములున్నవేమోయని పరీక్షలును జరిగెను. పడునప్పుడు కాలుసేతులను ఎట్లు ముడుచుకొనవలెనో, దెబ్బ దేహమంతటికి ఎట్లు పంచవలెనో నేర్చియుండుటచేత తనకు బాధ కలుగలేదని కీటన్ తరువాతి కాలమున చెప్పుచుండెడివాడు.

నవ్వని ముఖమును ఇతడు నేర్చిన దిక్కడనే. విసరబడినప్పుడు తాను నవ్వినచో సభలో నవ్వు తగ్గుచున్నదనియు, తాను ఏమియు ఎరుగనట్లు ముఖము పెట్టినచో సభ విరగబడి నవ్వుచున్నదనియు ఆ బాలుడు గ్రహించెను. పెద్దలెవ్వరును సూత్రముగ చెప్పని ఈ రహస్యము, ప్రతి రాత్రియు ప్రేక్షకులే పరీక్షాధికారులై నేర్పిన పాఠము. బడిచదువు ఇతనికి లేదనియే చెప్పవలెను, రంగస్థలమే పాఠశాల. కొడుకు ఎదిగినకొలది ఆటలో మోటుతనము పెరిగెను; తండ్రి త్రాగుడునకు లోబడుటచే ఒడుపు తప్పి, ఆట అపాయకరమయ్యెను. 1917లో తల్లియు కొడుకును తండ్రిని విడిచిపోగా ముగ్గురు కీటన్ల ప్రదర్శనము ముగిసెను.

చలనచిత్ర ప్రవేశము

అదే సంవత్సరము కీటన్ న్యూయార్కు చేరి, వారమునకు 250 డాలర్ల వేతనముపై ఒక సంగీత ప్రదర్శనమున నటించుటకు కుదిరెను. అది ఆరంభము కాకముందే నాటి సుప్రసిద్ధ హాస్యనటుడైన రాస్కో ఆర్బకిల్ తన చిత్రము తీయుచుండిన స్టూడియోకు ఒకనాడు పోయి, అక్కడి పని చూచి ముగ్ధుడై, రంగస్థలపు ఒప్పందమును వదలుకొని, వారమునకు 40 డాలర్ల జీతమునకు చలనచిత్రములలో చేరెను. రాబడి ఆరవవంతునకు తగ్గుచుండగా సంతోషముతో ఒప్పుకొనుటనుబట్టియే ఈ నూతన కళ ఇతని నెంతగా ఆకర్షించెనో ఊహింపవచ్చును. కెమెరాను విప్పి దాని చక్రములను, ఫిలిము నడచెడి తీరును పరిశీలించుట ఇతని తొలినాటి ముచ్చటలలో ఒకటి. ఇతడు నటించిన మొదటి చిత్రము 'ది బుచర్ బాయ్' 1917 ఏప్రిలులో విడుదలయ్యెను.

1920 వరకు ఆర్బకిల్‌తో కలిసి పదునాలుగు లఘుచిత్రములలో కీటన్ నటించెను. ఈ చిత్రములలో ఇతడు అక్కడక్కడ నవ్వుచునే కనబడుట గమనింపదగినది. శిలాముఖమింకను సంపూర్ణముగ రూపొందలేదు. నడుమ 1918లో సైన్యమున చేరి ఫ్రాన్సు దేశమునకు పోయెను. అక్కడ చెవికి సోకిన వ్యాధి వలన వినికిడి కొంత జీవితాంతము చెడిపోయెను. ఆర్బకిల్ ఇతనికి గురువును స్నేహితుడును. 1921లో ఒక నటి మరణమునకు సంబంధించిన అభియోగముపై అతడు న్యాయస్థానమున నిలిచి, తుదకు నిర్దోషిగా తేలియు పరిశ్రమచే బహిష్కరింపబడినప్పుడు, స్నేహమును విడువనివారిలో కీటన్ ఒకడు.

స్వతంత్ర నిర్మాణము: లఘుచిత్రములు

ఆర్బకిల్ దీర్ఘచిత్రములకు తరలిపోగా, నిర్మాత జోసెఫ్ స్కెంక్ 1920లో కీటన్‌ను ప్రధాననటునిగా నిలిపి, మునుపు చాప్లిన్ పనిచేసిన హాలీవుడ్ స్టూడియోలో ప్రత్యేక శాఖ నేర్పరచెను. ధనవ్యవహారములు స్కెంకువి, కథ, నటన, దర్శకత్వము, కూర్పు అన్నియు కీటన్‌వి. స్కెంక్ కళావిషయమున జోక్యము కలిగించుకొనెడివాడు కాడు. కాని ఆ సంస్థలో కీటన్‌కు స్వామ్యము లేదు. వేతనమును, లాభములలో కొంత భాగమును మాత్రమే లభించుచుండెను. నాడు అల్పముగ తోచిన ఈ విషయము పదేండ్ల లోపున ఇతని భవిష్యత్తును నిర్ణయించెను.

కీటన్ పేర మొదట విడుదలయిన 'వన్ వీక్' (1920) ఇతని శిల్పమునంతయు రెండు రీలులలో చూపుచున్నది. నవదంపతులకు పెట్టెలలో ముక్కలుగ వచ్చిన ఇల్లు బహుమానముగ లభించును. పెట్టెలపై వేసిన అంకెలను ప్రతిస్పర్ధి యొకడు మార్చివేయుటచే ఆ ముక్కలు కూర్చగా ఏర్పడిన ఇల్లు వంకరటింకరయై, గాలివానకు గానుగవలె గిరగిర తిరుగును. తుదకు దానిని వేరొక స్థలమునకు లాగుకొనిపోవునప్పుడు రైలుపట్టాలమీద చిక్కుపడును. దూరమునుండి వచ్చుచున్న రైలు తగులునని ప్రేక్షకులు భయపడుచుండగా అది ప్రక్క పట్టాలపై సాగిపోవును. అందరును ఊపిరి పీల్చుకొనునంతలో ఎదురుదిక్కునుండి మరియొక రైలు వచ్చి ఇంటిని తుత్తునియలు చేయును. ప్రేక్షకుని ఊహను ముందుగ గుర్తించి, దానిని ఒకమారు తప్పించి, ఆదమరచిన క్షణమున నిజము చేయుట కీటన్ హాస్యకల్పనలోని కీలకము.

1921లో కదులుమెట్ల యంత్రమున పాదము చిక్కి చీలమండ విరుగుటచే సాహసకృత్యములు కొంతకాలము సాధ్యపడలేదు. ఆ పిమ్మట వెలువడిన 'ది ప్లేహౌస్' (1921)లో ఇతడు దేహబలమునకు బదులు కెమెరా నైపుణ్యమును ఆశ్రయించెను. నాటకశాలలో వాద్యగాండ్రు, నటులు, ప్రేక్షకులు, చిన్న పెద్ద ఆడ మగ అందరును కీటనే. ఒకే చట్రమున తొమ్మండుగురు కీటన్లు వరుసగ నిలిచెడి దృశ్యమునకై ఛాయాగ్రాహకుడు ఎల్జిన్ లెస్లీ కటకమును తొమ్మిది భాగములుగ మూసి, ఒక్కొక్క భాగమే తెరచుచు, ఫిలిమును వెనుకకు త్రిప్పి తొమ్మిదిసార్లు చిత్రించెను. చేతితో త్రిప్పెడి కెమెరా అగుటచే ప్రతిసారియు వేగము రవ్వంతయు మారకుండ త్రిప్పవలసియుండెను. నటుడును తాళము తప్పక కదలవలసియుండెను. 'కాప్స్' (1922)లో ఒక నిరపరాధిని నగరములోని పోలీసు బలగమంతయు తరుముకొనివచ్చును. కథాంతమున సమాధిరాతిపై కీటన్ టోపీ కనబడును. హాస్యచిత్రమును ఇంతటి విషాదముతో ముగించుటకు వెనుదీయని సాహసము ఇతనియందు మొదటినుండియు కలదు.

1921 మే 31న కీటన్, స్కెంక్ భార్యయగు నార్మా టాల్మడ్జ్ చెల్లెలు నటాలీని వివాహమాడెను. వీరికిద్దరు కుమారులు. నిర్మాత బంధువుకూడ అగుటచే పనియు కుటుంబమును ముడిపడిపోయెను.

దీర్ఘచిత్రములు

1923లో 'త్రీ ఏజెస్'తో కీటన్ దీర్ఘచిత్రములకు పూనుకొనెను. అదే యేడు వచ్చిన 'అవర్ హాస్పిటాలిటీ' తరతరముల పగగల రెండు దక్షిణాది కుటుంబముల కథ. పగవాని ఇంట అతిథిగా ఉన్నంతసేపు ప్రాణభయములేదు, గడప దాటినచో చావు తప్పదు. ఈ ఒక్క సూత్రముచుట్టు కథ అల్లబడినది. 1830 ప్రాంతపు తొలి రైలుబండిని ఎంతో శ్రద్ధతో నమూనాగ నిర్మించిరి. తండ్రి జో, భార్య నటాలీ, పసిబిడ్డడైన కొడుకు కూడ ఇందు నటించిరి. నదీప్రవాహ దృశ్యమును తీయునప్పుడు ఇతనిని పట్టియుంచిన ఆధారము తెగిపోయి కీటన్ నిజముగనే కొట్టుకొనిపోయెను. ఒడ్డు చేరుకొన్నపిమ్మట తెలిసినదేమనగా ఛాయాగ్రాహకుడు కెమెరా ఆపలేదు. ఆ భాగము చిత్రమున నిలిచియున్నది.

'షెర్లాక్ జూనియర్' (1924)లో చలనచిత్రశాలలో యంత్రము త్రిప్పెడి యువకుడు నిద్రించి, కలలో లేచి నడచి తెరమీది బొమ్మలోనికి ప్రవేశించును. అతడు నిలిచినచోటనే నిలిచియుండగా వెనుకనున్న ప్రపంచము మారిపోవుచుండును: కూర్చుండబోవు అరుగు వీధియగును, వీధి కొండ అంచగును, అడవిలో సింహములు చుట్టుముట్టును, దూకబోవు సముద్రము మంచుగుట్ట యగును. ఒక దృశ్యమునుండి మరియొక దానికి మారునప్పుడు నటుడు వెంట్రుకవాసియైన కదలినట్లు కనబడకుండుటకై, భూమి సర్వే చేయువారి పరికరములతో కెమెరాకును తనకును గల దూరమును కొలిపించితినని కీటన్ చెప్పెను. ఈ చిత్రమున నీటితొట్టి గొట్టమునుండి దూకిన ధార ఇతనిని పట్టాలపైకి విసరికొట్టగా, తలనొప్పితో కొలది దినములు బాధపడి మరల పనిచేసెను. మెడ ఎముక విరిగినదని అనేక సంవత్సరముల తరువాత ఎక్స్‌రే తీసిన వైద్యుడు చెప్పువరకు తెలియలేదు.

అదే సంవత్సరము 'ది నావిగేటర్' వెలువడెను. పాతబడి తుక్కునకు సిద్ధముగనున్న 'బుఫోర్డ్' అను నిజమైన ఓడను సంపాదించి, నిర్జనమైన ఆ మహానౌకలో ఏపనియు చేయనెరుగని ధనికుల బిడ్డలిద్దరు మాత్రమే చిక్కుకొన్నచో ఎట్లుండునని ఊహించి అల్లిన కథ యిది. వందలమందికి వండుటకై ఏర్పడిన వంటశాలలో ఇద్దరికి కాఫీ కాచుకొనుటలోని కష్టమే అందు ఒక ఘట్టము. ఈ చిత్రము విశేష ధనలాభమును కలిగించెను. 'సెవెన్ ఛాన్సెస్' (1925)లోని ఘట్టమొకటి ఇతని పద్ధతిని చాటును. విడుదలకు ముందు ప్రదర్శించి చూడగా, కొండ దిగుచు పరుగెత్తునప్పుడు కాలుతగిలి యాదృచ్ఛికముగ దొర్లిన మూడు నాలుగు రాళ్లకు ప్రేక్షకులు నవ్విరి. కీటన్ వెంటనే కొండకు మరలిపోయి, కాగితపుగుజ్జుతో వందలకొద్ది బండలను చేయించి, వానినుండి తప్పించుకొనుచు పరుగెత్తుటనే కథాంతమునకు పరాకాష్ఠగ మార్చెను.

'ది జనరల్'

కీటన్ తన చిత్రములన్నింటిలో మిక్కిలి అభిమానించినది 'ది జనరల్'. 1862 ఏప్రిలులో, అమెరికా అంతర్యుద్ధ కాలమున, ఉత్తరాది పక్షపు గూఢచారులు జార్జియా రాష్ట్రమున 'జనరల్' అను పేరుగల రైలింజనును దొంగిలించి పారిపోగా, దక్షిణాది రైల్వే ఉద్యోగులు వెంటాడి పట్టుకొనిన యథార్థగాథ దీనికి మూలము. గూఢచారులలో ఒకడగు విలియం పిటెంజర్ వ్రాసిన స్వానుభవగ్రంథము కీటన్ చేతికి వచ్చెను. కీటన్ కథను త్రిప్పివేసి, ఇంజను పోగొట్టుకొన్న దక్షిణాది డ్రైవరును నాయకునిగ చేసెను. ఓడిపోయినవారిని ప్రతినాయకులుగ చూపుట ప్రేక్షకులకు రుచింపదని ఇతని అభిప్రాయము. బానిసత్వమునకై పోరిన పక్షమువాడు నాయకుడగుట నేటి విమర్శకులను ఇబ్బంది పెట్టక మానదు. కీటన్ దృష్టి మాత్రము రాజకీయములపై గాక రైలుపై నిలిచినది.

నాటి పాతపద్ధతి పట్టాలు, కట్టెలతో నడచు ఇంజనులు ఓరెగాన్ రాష్ట్రములోని కాటేజ్ గ్రోవ్ ప్రాంతమున లభించుటచే 1926 వేసవిని చిత్రబృందమంతయు అక్కడ గడపెను. రాష్ట్ర రక్షకదళమువారు ఒకనాడు ఉత్తరాది దుస్తులు, మరియొకనాడు దక్షిణాది దుస్తులు ధరించి రెండు సైన్యములుగను నటించిరి. ఇంజనుల నిప్పురవ్వలకు చుట్టుపట్ల అగ్నిప్రమాదములు సంభవించి పొగవలన చిత్రీకరణము నిలిచిపోవుటయు కలదు. కాలిపోవుచున్న వంతెనపై ఇంజను ఎక్కి నదిలో కూలెడి దృశ్యమునకు నమూనాలను వాడక, నిజమైన వంతెనను కట్టి, నిజమైన ఇంజనును నడిపి కూల్చిరి. ఈ ఒక్క దృశ్యమునకు 42,000 డాలర్లు వ్యయమైనదనియు, మూకీ యుగమున ఇంతటి ఖరీదైన దృశ్యము వేరొకటి లేదనియు చెప్పుదురు. రెండవసారి తీయుటకు అవకాశములేని పని యది. ఆ యింజను ఏండ్ల తరబడి నదిలోనే పడియుండి, రెండవ ప్రపంచయుద్ధ కాలమున ఇనుముకొరకు తుక్కుగ తరలింపబడెను.

ఈ చిత్రమునందలి హాస్యము బరువులు, వేగములు, దూరములు అను మూడింటి లెక్కనుండి పుట్టును. నాయకుడు ఇంజను ముందరి ఇనుప చట్రముపై ఒక స్లీపరు దుంగను ఒడిలో పెట్టుకొని కూర్చుండగా, ఎదుట పట్టాలపై శత్రువులు పడవేసిన మరియొక దుంగ కనబడును. ఆపుటకు వేళలేదు. చేతిలోని దుంగను ఎత్తి పట్టాలపైనున్న దుంగ అంచుపై వేయగా, రెండును ఎగిరి ప్రక్కకు పడును. మరియొకచోట శత్రువులపై గురిపెట్టిన ఫిరంగి కుదుపులకు క్రమముగ వంగి తనవైపే తిరుగును. అది పేలునంతలో పట్టాలు వంపు తిరుగుటచే గుండు శత్రువుల బండి సమీపముననే పడును. యుద్ధమునందు నాయకునకు లభించిన విజయమునకు అతని శౌర్యమెంత కారణమో పట్టాల వంపును అంతే కారణము. ప్రియురాలు తిరస్కరించిన దుఃఖమున ఇంజను చక్రములను కలుపు కడ్డీపై కూర్చున్నవాడు, ఇంజను కదలుటచే తాను పైకిని క్రిందికిని పోవుచున్నాననియైన గమనింపని దృశ్యము ఇతని నటనకు పరమోదాహరణము.

1926 చివర తొలిసారి ప్రదర్శింపబడిన ఈ చిత్రమును నాటి విమర్శకులలో పలువురు మెచ్చుకొనలేదు. వ్యయమునకు తగిన రాబడియు రాలేదు. స్కెంక్ అటుతరువాత ఖర్చులపై నిఘా వేయసాగెను. కీటన్ స్వాతంత్ర్యమునకు మొదటి బీట వారినది ఇక్కడనే.

శిల్పము, పనితీరు

కీటన్ చిత్రములకు ముందుగ వ్రాతప్రతి ఉండెడిది కాదు. కథకు మొదలును ముగింపును కుదిరినచో నడుమ భాగము దానంతట అదే వచ్చునని ఇతని నమ్మకము. క్లైడ్ బ్రక్‌మన్, జీన్ హావెజ్ మొదలగు సహచరులతో కూర్చుండి చమత్కారములను ఊహించుట, ఊహ ఆగిపోయినచో అందరును లేచి బేస్‌బాల్ ఆడుట, ఆటనడుమ ఏదైన తోచినచో మరల కెమెరా దగ్గరకు పరుగెత్తుట వారి దినచర్య. ఇంటినైనను ఓడనైనను ఇతడు కోరినట్లు పడునట్లును మునుగునట్లును నిర్మించి యిచ్చెడి సాంకేతిక నిపుణుడు ఫ్రెడ్ గాబురీ. దర్శకత్వపు కీర్తిని సహచరులతో పంచుకొనుటకు కీటన్ వెనుదీయలేదు. కొన్ని చిత్రములపై ఇతని పేరు దర్శకునిగ కనబడనే కనబడదు.

కష్టమైన చర్యను ముక్కలుగ తీసి అతికించుట ఇతనికి సమ్మతము కాదు. ప్రేక్షకుడు దూరముగ నిలిచి, మొదటినుండి తుదివరకు ఒకే చూపున చూచిననే నమ్మును, నమ్మిననే నవ్వును. ఇది ఇతని సిద్ధాంతము. అందుచేతనే చాప్లిన్ చిత్రములలో ముఖము తెరను నింపు ఘట్టములు ప్రధానములు కాగా, కీటన్ చిత్రములలో విశాలమైన ప్రకృతి, పెద్ద యంత్రము, వాని నడుమ ఒక చిన్న మనిషి కనబడుదురు. చాప్లిన్ మన జాలిని కోరును, కీటన్ కోరడు. తెరపై కనబడెడి వ్రాతపలకలనుకూడ వీలైనంత తగ్గించుట ఇతని పట్టుదల.

ఈ సిద్ధాంతమునకు పరాకాష్ఠ 'స్టీమ్‌బోట్ బిల్ జూనియర్' (1928)లోని గోడ. తుపానులో నిలిచిన కీటన్‌పై రెండంతస్తుల ఇంటి ముందుగోడ యావత్తు కూలిపడును. మేడపై కిటికీ ఖాళీ సరిగ ఇతడు నిలిచిన చోటికి వచ్చుటచే బ్రతికిపోవును. గోడ నిజమైనది, బరువైనది. ఇతనికిని కిటికీ అంచులకును నడుమ ఎడము కొలది అంగుళములు మాత్రమే. నేలపై గుర్తుగ కొట్టిన మేకునుండి పాదము జరిగినచో ప్రాణము దక్కదు. నవ్వని ముఖము, కదలని పాదము, తప్పని కొలత మూడును ఒకే నిష్ఠయొక్క రూపములని ఈ దృశ్యము చూచినవారికి తెలియును. ఇందు కథ మొదట నదీవరదతో ముగియవలసియుండెను. 1927లో మిసిసిపీ నదికి ఘోరమైన వరదలు వచ్చి జనము కడగండ్ల పాలగుటచే దానిని తుపానుగ మార్చిరి.

పతనము

1928లో స్కెంక్ కీటన్ శాఖను మూసివేసి, తన సోదరుడు నికొలస్ పెద్దగానున్న మెట్రో-గోల్డ్విన్-మేయర్ సంస్థకు పోవలసినదని సలహా యిచ్చెను. చాప్లినును లాయిడును వలదని హెచ్చరించిరి. వారిద్దరును తమ చిత్రములకు తామే స్వాములు. కీటన్‌కు అట్టి ఆధారము లేదు. స్కెంకు మాట త్రోసివేయలేక ఒప్పుకొనిన ఆ నిర్ణయమే తన జీవితములోకెల్ల పెద్ద పొరపాటని ఇతడు తరువాత అంగీకరించెను. ఆ సంస్థలో మొదటి చిత్రమగు 'ది కెమెరామన్' (1928) ఇతని ఉత్తమకృతులలో చేరదగినదే. తరువాత క్రమముగ పగ్గములు బిగిసెను. కథను ఇరువదిమంది వ్రాతగాండ్రు వ్రాయుదురు, పై అధికారులు ఆమోదింపవలెను, మార్పు చేయరాదు, సాహసకృత్యములకు అనుమతి లేదు.

ఇతని కంఠము గంభీరమును, కొంత బొంగురును అయి, ముఖమునకు తగియేయుండెను. 'ఫ్రీ అండ్ ఈజీ' (1930) మొదలగు టాకీలు ధనము తెచ్చినవి కూడ. ఆ రోజులలో పరభాషానువాద పద్ధతులింకను కుదురుకొనకపోవుటచే, అదే చిత్రమును స్పానిష్ మొదలగు భాషలలో మరల మరల నటించుచు, అర్థము తెలియని మాటలను ఉచ్చారణనుబట్టి పలుకుచుండెను. కావున కీటన్‌ను చెరచినది ధ్వని కాదు. ధ్వనితో పాటు వచ్చిన కర్మాగారపు పద్ధతి, మాటలపై నడచు హాస్యము, తనకు నచ్చని మూర్ఖపాత్రలు ఇతని ఉత్సాహమును హరించెను. తండ్రిని చెరచిన త్రాగుడు కొడుకును పట్టుకొనెను. 1932లో భార్య విడాకులు పొందెను. పిల్లల ఇంటిపేరుకూడ మారిపోయెను. 1933లో సంస్థ ఇతనిని తొలగించెను. అటుపిమ్మట ఇతడు చౌకరకపు లఘుచిత్రములలో నటించుటయు, కొంతకాలము వైద్యాలయములలో గడపుటయు జరిగెను. మునుపు తనను తొలగించిన సంస్థయందే ఇతరుల చిత్రములకు పేరులేక చమత్కారములు సమకూర్చెడి ఉద్యోగము చేసి జీవించెను. హాస్యనటుడు రెడ్ స్కెల్టన్ చిత్రములకు ఇతడు చేసిన సహాయము ఈ కాలమునాటిదే.

పునరుద్ధరణము

1940లో ఎలినార్ నోరిస్ అను నర్తకిని వివాహమాడుటతో కీటన్ జీవితము చక్కబడెను. ఆమె తుదివరకు ఇతనికి అండగ నిలిచెను. 1947లో పారిసు నగరపు మెద్రానో సర్కసులో ప్రదర్శనము లిచ్చి, ఐరోపావాసులు తన్ను మరువలేదని గ్రహించెను. 1949లో విమర్శకుడు జేమ్స్ ఏజీ 'లైఫ్' పత్రికలో మూకీ హాస్యమును గూర్చి వ్రాసిన వ్యాసము కీటన్‌పై మరల దృష్టి పడునట్లు చేసెను. టెలివిజన్ ఇతనికి కొత్త జీవనోపాధి కల్పించెను. 'సన్‌సెట్ బులెవార్డ్' (1950)లో మరుగునపడిన తారల పేకాట గోష్ఠిలో కొన్ని క్షణములు కనబడెను. 'లైమ్‌లైట్' (1952)లో చాప్లిన్‌తో కలిసి నటించెను. ఈ ఇద్దరు హాస్యకారులు ఒకే కథాచిత్రమున కలిసి నటించుట అదియొక్కటే.

పాత చిత్రముల సంగతి అంతకంటె చిత్రమైనది. నాటి ఫిలిము శీఘ్రముగ నశించు స్వభావము కలది, సులభముగ మండునది. అనేక మూకీ చిత్రములు ఈ కారణముననే అంతరించెను. కీటన్ తన ఐశ్వర్యకాలమున బెవర్లీ హిల్స్‌లో కట్టించిన భవనమును తరువాత నటుడు జేమ్స్ మేసన్ కొనగా, అక్కడ మరచిపోయిన ఫిలిము ప్రతులు బయటపడెను. 1954 ప్రాంతమున పరిచయమైన రేమండ్ రోహవర్ అను ప్రదర్శకుడు ఈ చిత్రములను సేకరించి, కొత్త ఫిలిముపైకి ఎక్కించి, హక్కులను సమకూర్చి, దేశదేశములలో ప్రదర్శించెను. 1957లో వెలువడిన 'ది బస్టర్ కీటన్ స్టోరీ' యథార్థమునకు మిక్కిలి దూరమైన చిత్రమైనను, దానివలన లభించిన ధనముతో కీటన్ దంపతులు వుడ్‌లాండ్ హిల్స్‌లో ఇల్లు కొనుక్కొనిరి. 1960లో అమెరికా చలనచిత్ర అకాడమీ ఇతనికి గౌరవ ఆస్కారు నొసగెను.

తుది సంవత్సరములలో రెండు లఘుచిత్రములు విశేషమైనవి. 'ది రైల్‌రాడర్' (1965)లో, కెనడా జాతీయ చలనచిత్ర సంస్థవారికై, డెబ్బదియేండ్లకు చేరువైన కీటన్ చిన్న రైలు తోపుడుబండివంటి మోటారు వాహనముపై ఆ దేశమును ఒక సముద్రతీరమునుండి మరియొక దానికి దాటును; పట్టాలతో ఇతని స్నేహము తుదిదాక తెగలేదు. శామ్యూల్ బెకెట్ చలనచిత్రమునకై వ్రాసిన ఏకైక రచనయగు 'ఫిల్మ్'లో ఈ లోకప్రసిద్ధమైన ముఖమును కెమెరా దాదాపు తుదివరకు చూడనీయక, వెనుకనుండియే అనుసరించును. 1965 సెప్టెంబరులో వెనిస్ చలనచిత్రోత్సవమున ప్రేక్షకులు లేచి నిలిచి ఇతనికి హర్షధ్వానములతో గౌరవము చూపిరి. 1966 ఫిబ్రవరి 1వ తేదీన ఊపిరితిత్తుల కేన్సరు వ్యాధితో వుడ్‌లాండ్ హిల్స్‌లోని స్వగృహమున కీటన్ మరణించెను.

ప్రశస్తి

1972లోను 1982లోను 'సైట్ అండ్ సౌండ్' పత్రిక ప్రపంచ విమర్శకుల అభిప్రాయములను సేకరించినప్పుడు 'ది జనరల్' ఉత్తమమైన పది చిత్రములలో నిలిచెను. 1989లో అమెరికా ప్రభుత్వము జాతీయ సంపదగ పరిరక్షింపదగిన చిత్రముల పట్టికను ప్రారంభించినప్పుడు మొదటి ఇరువదియైదింటిలోను ఇది చేరెను. విడుదలయిన నాడు నిర్మాతకు నష్టమును, కర్తకు నిందను తెచ్చిన చిత్రమే యిది. కాలము గడచినకొలది చిత్రమునందు మారినదేమియు లేదు. ఇంజను అదే, పట్టాల వంపు అదే, కడ్డీపై కూర్చున్నవాని ముఖమును అదే. తాను నవ్వక ఇతరులను నవ్వింపవలెనని నాలుగైదేండ్ల వయసున విల్మింగ్టన్ మొదలగు ఊళ్ల ప్రేక్షకులు నేర్పిన పాఠమును కీటన్ తన జీవితాంతము మరువలేదు. అందుచేతనే మాట అవసరములేని ఆ హాస్యము, ఇతని పేరైనను విననివారికి నేటికిని అనువాదము లేకయే అందుచున్నది.